చివర ఖాళీ

నీలాద్రి గారి హార్డ్ డిస్కు
ఆయన మందుల డబ్బా కంటే చిన్నది.
లోపల రెండువేల మూడొందల పధ్నాలుగు పుస్తకాలు.
రాయపేట ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దిన చేతులు
రిటైరయ్యాక స్కానరు మూత ఎత్తుతూ దించుతూ
పోగుచేసినవి.
ఇప్పుడాయనకి చూపు సగమే.
"నువ్వు చూసుకోమ్మా" అన్నారు,
"పేర్లు మాత్రం జాగ్రత్త."

చూళైమేడులో రాత్రి పదకొండు.
కింద నీళ్ల లారీ వెనక్కి వస్తూ కూస్తోంది.
నేను లాప్‌టాప్ తెరిచి
ఒక్కో పుస్తకం నుదుటిరాత సరిచేస్తుంటాను.

పేరు: స్కాన్ నలభైరెండు ఫైనల్ ఫైనల్ రెండు.
రచయిత: తెలియదు.
అచ్చయిన తేదీ: క్రీస్తుశకం నూటొకటి, జనవరి ఒకటి.
అప్పటికి కాగితం పుట్టిందో లేదో గానీ
ఈ నవల మాత్రం డెమ్మీ సైజులో వచ్చేసింది.

కథలు ఒక అర. కధలు ఇంకో అర.
పొట్టలో చుక్క ఉన్న థకీ, లేని ధకీ మధ్య
నూట అరవై పుస్తకాలు వేరు కాపురం పెట్టాయి.

చివరి మాటే ఇంటిపేరనుకుంటుంది ఈ సాఫ్ట్‌వేర్.
మనకి ఇల్లు ముందు, మనిషి తర్వాత అని
దానికెవరు చెప్పాలి?
ఒక్క నొక్కుతో ఇళ్లన్నీ తలకిందులు.
నవ్వుకున్నాను.
నాకు మాత్రం కుదురుగా ఉందా పేరు?
పసుమర్తి అలివేలుని.
గ్యాస్ బుక్కులో అలమేలు పి.
ఓటరు కార్డులో అలివేల, నాన్న పేరు భర్త గడిలో.
ఎదురింటి కనకవల్లి మామికి అలమూ.
అన్నిటికీ పలుకుతాను.
పుస్తకం పలకదు.
తప్పు పేరుతో పిలిస్తే ఉన్నచోటే ఉండి
లేనట్టే ఊరుకుంటుంది.

ఒక రచయిత రెండుసార్లు వస్తున్నాడు, అచ్చం ఒకేలా.
అక్షరం పక్కన అక్షరం పెట్టి చూశాను.
గంటన్నర.
చివరికి తేలింది, ఒక పేరు వెనక ఒక ఖాళీ ఉంది.
ఎవరి బొటనవేలో స్పేస్ బార్ మీద
అర క్షణం ఎక్కువ ఆగింది,
మనిషి ఇద్దరయ్యాడు.

ఇద్దర్ని ఒకటి చేసింది మాత్రం నేనే.
ఎం. సుభద్ర, మాడుగుల సుభద్ర.
తెల్లవారుజామున, నిద్రమత్తులో, కలిపేశాను.
పద్దెనిమిది డిటెక్టివ్ నవలలు, ఒక ఊరగాయల పుస్తకం.
హంతకుణ్ణి పట్టిన చేత్తోనే
మాగాయ పెట్టుంటుందిలే
అని సర్దిచెప్పుకున్నాను కూడా.
మూడు వారాలకి, పదకొండో నవల ముందుమాటలో,
అడుగున, చిన్న అక్షరాల్లో:
"పచ్చళ్ల పుస్తకం రాసిన సుభద్ర గారు వేరు, నేను వేరు.
ఆవకాయ పాళ్లు అడుగుతూ దయచేసి
నాకు ఉత్తరాలు రాయవద్దు."
ఎన్నేళ్ల కిందట మొత్తుకుందో మహాతల్లి!
వెనక్కి తీసుకునే మీట లేదు దీనికి.
పంతొమ్మిదీ ఒక్కొక్కటే తెరిచి
ఇద్దర్నీ విడదీసేసరికి
గుమ్మంలో పాల ప్యాకెట్లు పడ్డ చప్పుడు.

ఆదివారం ఫోనులో చెబితే
నీలాద్రి గారు చాలాసేపు నవ్వారు, దగ్గారు.
"ఆ ముందుమాట ప్రూఫు నేనే చూశాను.
ఉత్తరాల్లో వత్తు ఎగిరిపోతే
నేనే పెట్టాను."

రాసినవారికి గడి ఉంది. వేసినవారికి ఉంది.
తర్జుమా చేసినవారికీ, అట్ట మీద బొమ్మ గీసినవారికీ.
దిద్దినవారికి లేదు.
చేర్చాను.
ఏవేవి చూశారో గుర్తున్నంత మేర చెప్పమన్నాను.
"అవన్నీ ఇప్పుడెందుకమ్మా" అంటూనే
నాలుగొందలు దాటించారు,
ఏ పేజీలో ఏ తప్పు దొరికిందో సహా.

"మీ పేరెలా రాయను?" అడిగాను.
గొంతు సవరించుకుని
ప్రెస్సులో కొత్త కుర్రాడికి చెప్పినట్టు చెప్పారు:
"నీకి దీర్ఘం. ద కింద ర వత్తు, పైన గుడి.
చివర ఖాళీ వదలకు."